రెండిళ్ళకు ఒకటే కాగితం

మా ఆయన అన్యాయస్థుడు కాదు. ఈ మాట ఎక్కడైనా చెప్తాను, కోర్టులో మేజిస్ట్రేటు ముందు కూడా చెప్పాను. నా తమ్ముడు ఆయన చెల్లెలిని ఎన్ని దెబ్బలు కొడితే ఆయన నన్ను అన్నే కొట్టాడు, ఎక్కడ కొడితే అక్కడే కొట్టాడు. ఒకటి ఎక్కువ వేసిన రోజు లేదు, ఒక్క రోజు తప్ప. ఆ రోజు సంగతి దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను.

మాది కుండమార్పిడి పెళ్ళి. మా ఇంటి ఆడపిల్లను వాళ్ళింటికి ఇచ్చి, వాళ్ళింటి ఆడపిల్లను మా ఇంటికి తెచ్చుకోవడాన్ని మా వైపు అట్లా అంటారు. నన్ను ఆయనకిచ్చారు, ఆయన చెల్లెల్ని మా తమ్ముడికి చేసుకున్నారు. ఒకే పందిరి, ఒకే ముహూర్తం, ఒకే వంట. నా మెడలో మూడో ముడి పడేసరికి పక్క పీట మీద ఆమెకు రెండోదే పడింది. తమ్ముడి చేతులు వణుకుతున్నాయని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చేతులు వణకడం అదే మొదలు, అదే ఆఖరు.

సంబంధం కుదిర్చిన పెద్దాయన మా అమ్మతో అన్న మాట నాకు బాగా గుర్తుంది. “ఒకరి పిల్ల ఒకరింట్లో ఉంటది. ఇంక మొగోళ్ళిద్దరూ ఒళ్ళు దగ్గర పెట్టుకోని ఉంటారు. దీన్ని మించిన ధీమా ఏముందమ్మా!” అన్నాడు. అమ్మ తల ఊపింది. ఇరవై ఏళ్ళ నాకూ అది బాగానే ఉందనిపించింది. ఒకరి పిల్లను ఒకరు తాకట్టు పెట్టుకుంటే రెండు కాపురాలూ చల్లగా ఉంటాయనుకోవడం మా వాళ్ళందరూ కలిసి చేసిన తప్పు. మగవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే ఏమవుతుందో ఆ పందిట్లో ఒక్కరూ అడగలేదు.

మేమందరం మాచర్లలోనే ఉంటాం. మా పుట్టిల్లు వెల్దుర్తి దగ్గర ఒక పల్లె. తమ్ముడు ట్రాక్టర్ తోలడం మొదలుపెట్టాక అమ్మను తీసుకుని టౌనుకు వచ్చేశాడు. మా ఆయన నాపబండల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పనిచేస్తాడు. మరదలు అదే ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ దగ్గర బండలు ఎత్తేది, కడిగేది. తమ్ముడు కూడా అక్కడి నుంచే బండలు ఎత్తుకుని ఊళ్ళకు తోలేవాడు. నేను ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టేదాన్ని. ఇంటర్ దాకా చదివినందుకు వీధిలో వాళ్ళకు అర్జీలు కూడా నేనే రాసిపెట్టేదాన్ని. మా అమ్మాయి గురుకులంలో చదువుతోంది, అందుకని నేను చెప్పబోయేవి చాలా మటుకు అది చూడలేదు.

పెళ్ళయిన రెండో ఏడు మొదటి దెబ్బ పడింది. తమ్ముడింట్లో కూరలో ఉప్పు దగ్గర మొదలైందట. తమ్ముడు మరదలిని చెంప మీద కొట్టాడు. మరుసటి రోజు ఆమె పనికి వచ్చింది. రాతి దుమ్ముకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కళ్ళు మాత్రం కనపడేలా మొహానికి తువ్వాలు చుట్టుకుంటారు. అన్నం వేళకు అందరూ తువ్వాళ్ళు విప్పారు, ఆమె విప్పలేదు. మా ఆయన వెళ్ళి లాగాడు.

రోజూ ఆరింటికి వచ్చే మనిషి ఆ రోజు నాలుగింటికే వచ్చాడు. చేతుల నిండా బండల బురద. నేను కుట్టుమిషను మీద ఉన్నాను.

“లెయ్యి,” అన్నాడు.

లేచాను.

“మీ తమ్ముడు మా పిల్లని కుడి చెంప మీద కొట్టాడు.”

అయ్యో అనడానికి నోరు తెరిచేలోపే నా కుడి చెంప మీద పడింది. మిషను మీదికి తూలాను. సూది మణికట్టులో దిగింది. ఆయన అది చూసి కంగారుపడ్డాడు, సూది సంగతి ఆయన అనుకున్నది కాదు మరి. పసుపు తెచ్చి అద్దాడు. మంచినీళ్ళు ఇచ్చాడు.

“నీ మీద నాకేం కోపం లేదే. మీ తమ్ముడికి తెలవాల గదా,” అన్నాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అందరూ ఎరిగిందే. కానీ ఎందుకు కొడుతున్నాడో దుత్తకు ఓపిగ్గా చెప్పి మరీ కొట్టే మనిషిని నేను ఈయన్నే చూశాను.

తర్వాత ఏళ్ళ తరబడి అదే నడిచింది. ఆమెను జుట్టు పట్టుకుని గోడకు కొడితే నన్నూ గోడకు కొట్టాడు. ఆమెను బెల్టుతో వీపు మీద నాలుగు కొడితే నాకూ నాలుగు పడ్డాయి. ఆయనకు బెల్టు కట్టుకునే అలవాటు లేదు, నా కుట్టు సామాన్లలోంచి లంగాల నాడాలు తీసి మెలిపెట్టి కొట్టాడు. ఒకసారి ఆమెకు పెదవి పగిలింది. నాకు పెదవి పగల్లేదు, పన్ను కదిలింది. ఆయన నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసి, “సర్లే పో,” అన్నాడు.

ఒకసారి తమ్ముడు కాలితో తన్నితే మరదలికి మూడో నెల కడుపు పోయింది. ఆ రోజు మా ఆయన వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నేను రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను. ఆయన కాలు లేపి, అన్నం కంచాన్ని తన్ని, పెరట్లోకి పోయి కూర్చుని ఏడ్చాడు. నాకిప్పుడు కడుపు లేదు కాబట్టి బతికిపోయాను అనుకున్నాను. ఆ పిల్ల కడుపు పోయిన రోజున నేను అనుకున్న మాట అది. అందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

మేమిద్దరం ఒకరికొకరం సాయం చేసుకోలేదని కాదు. “అన్నయ్యకు కనపడకుండా ఉంటాలే వదినా, నువ్వు భయపడబాక,” అని ఆమె ఫోను చేసేది. “తువ్వాలు ఇప్పబాకే. అన్నం బాత్రూం కాడికి పోయి తిను,” అని నేను చెప్పేదాన్ని. దెబ్బ ఆమెకు తగిలితే దాన్ని దాచడం నా కోసం. దెబ్బ నాకు తగిలిందని పుట్టింటికి తెలిస్తే తమ్ముడు ఊరుకోడు, మళ్ళీ ఆమెకే పడుతుంది, అందుకని నేను దాచడం ఆమె కోసం. కానీ మా వీధిలో నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరో ఒకరు చేరవేసేవాళ్ళు, జాలితోనే.

ఇక ఆ ఒక్క రోజు. కరెంటు లేక ఫ్యాక్టరీని మధ్యాహ్నానికే వదిలేశారు. మా ఆయన ఇంటికొచ్చేసరికి అన్నం ఇంకా ఉడుకుతోంది. నాకు నోటి దురద ఎక్కువ. నవ్వుతూనే అన్నాను, “ఏందయ్యా, ఇంత పెందలాడే వచ్చావు? మీ చెల్లెలికి ఏం తగల్లేదు గదా ఇయ్యాల?”

ఫెడీమని పడింది. చెవిలో ఈల మోగింది. గోడకు ఆనుకుని అడిగాను, “ఇది దేనికి? ఆ పిల్లను ఎవరు కొట్టారు? చెప్పు, ఇది దేనికి?”

ఆయన చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

ఇన్నేళ్ళూ పడిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. అంతకుముందు పడినవి నా తమ్ముడి పాపం అనుకుని మింగాను. ఇది ఊరికే పడింది. కోపం పట్టలేకపోయాను. తమ్ముడికి ఫోను చేశాను.

“మీ బావ నన్ను కొట్టాడురా,” అన్నాను.

“ఎందుకు?”

“ఊరికే.”

వాడు ఇంకేం అడగలేదు, పెట్టేశాడు. ఆ ఫోను ఎందుకు చేశానో నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పను. నాకు పడింది ఇంకెవరికైనా పడాలనిపించింది. ఆ ఇంకెవరో ఎవరో కూడా నాకు తెలుసు.

తమ్ముడు అప్పుడు ఇంటి ముందు ట్రాక్టర్ టైరు విప్పుతున్నాడు. చేతిలో పానా ఉంది, ఆ చక్రాల నట్లు విప్పే పెద్ద ఇనుప పానా. కరెంటు లేక మరదలు కూడా ఇంటికొచ్చి బట్టలు ఉతుకుతోంది. అమ్మ తర్వాత చెప్పింది, వాడు ఆమెను ఒక్క మాట కూడా అడగలేదట. వెనక నుంచి ఎడమ భుజం మీద రెండు దెబ్బలు వేశాడు. మొదటి దెబ్బకు ఆమె అరిచింది, రెండో దెబ్బకు అరవలేదు, బకెట్ మీద పడిపోయింది. భుజం ముందరి ఎముక విరిగింది. అమ్మ ఆటో పిలిచి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది.

మా ఆయన ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చాడు. తిన్నగా ఇంటికి రాలేదు. మా ఎదురుగా ఒక భాయ్ మెకానిక్ షెడ్డు ఉంది, అక్కడ ఆగి పానా అడిగాడు. ఏదో బండి బాగుచేసుకోవడానికని ఆ భాయ్ ఇచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన రెండు మూడు పానాలు చేత్తో తూచి ఒకటి తీసుకున్నాడు. దేనికో నాకు అర్థమైంది. తలుపు గడియ పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. నా ఫోనుకు ఇది జవాబు అనుకుంటూ అక్కడే నిలబడ్డాను.

“ఎడమ భుజం,” అన్నాడు లోపలికొచ్చి. “రెండు.”

మొదటి దెబ్బకు ఎముక శబ్దం నాకు వినపడింది. ఎండు చింతకొమ్మ విరిచిన శబ్దం. రెండో దెబ్బ అదే చోట పడింది. కక్కుకున్నాను. ఆయన నా పక్కనే చతికిలబడి, పానా గచ్చు మీద పెట్టి, “చచ్చిపోతన్నావా? చావబాకే,” అని ఏడవడం మొదలుపెట్టాడు. నన్ను ఆసుపత్రికి ఎత్తుకుపోయింది కూడా ఆయనే. ఆ పానాను మెకానిక్ భాయ్ మళ్ళీ తన షెడ్డులోకి రానివ్వలేదు.

ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలు. ఇద్దరికీ ఎడమ చెయ్యి మెడకు వేలాడేసి కట్టారు. కుర్ర డాక్టరు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, “మీరిద్దరూ ఒకే చోట పడ్డారా అమ్మా?” అన్నాడు.

“నేను బాత్రూంలో జారిపడ్డాను,” అన్నాను.

మరదలు నా వైపు చూసింది. తర్వాత నర్సు చేతిలోని కాగితం వైపు చూసింది. “నేను పళ్ళేదండీ. మా ఆయన పానాతో కొట్టాడు. రాసుకోండి,” అంది.

అంత తేలిగ్గా చెప్పింది. పక్క మంచం మీద ఉండి కూడా నేను చెప్పలేకపోయాను. ఆ ఫోను సంగతి కూడా చెప్పలేదు.

ఆ కాగితం వల్ల పోలీసులు వచ్చారు. వాళ్ళ ద్వారా రక్షణాధికారి అని ఒక మేడమ్ వచ్చింది. ఆమె గృహహింస చట్టం కింద గురజాల కోర్టులో దరఖాస్తు వేయించింది. ఉత్తర్వు వచ్చింది. మరదలిని తమ్ముడు కొట్టకూడదు, తిట్టకూడదు, ఫోను చేయకూడదు, ఆమె ఉండే ఇంటికీ పనిచేసే ఫ్యాక్టరీకీ పోకూడదు. పోతే జైలు. దానికి గడువంటూ లేదు. ఆమె వద్దని అడిగే దాకా, లేదంటే పరిస్థితులు మారాయని కోర్టు నమ్మే దాకా ఉంటుంది. మరదలు ఫ్యాక్టరీ దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఎముక అతుక్కోగానే పనిలో చేరింది.

అప్పటి నుంచి పది నెలలు నా ఒంటి మీద ఒక్క దెబ్బ పడలేదు. తమ్ముడు ఆమెను కొట్టలేడు కాబట్టి మా ఆయనకు నన్ను కొట్టే పని లేకపోయింది. ఊరికే కొట్టిన ఆ ఒక్క దెబ్బ ఎంత దూరం పోయిందో చూశాక అలాంటి దాని జోలికీ పోలేదు. ఆరింటికి వచ్చేవాడు. ఒక్కోసారి మిరపకాయ బజ్జీలు తెచ్చేవాడు. కోర్టు ఒక ఇంటికి రాసిన కాగితం రెండిళ్ళలో పనిచేసింది. నేను సిగ్గు లేకుండా సంతోషపడ్డాను. ఒళ్ళు చేశాను. నా జాకెట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టుకున్నాను.

తమ్ముడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. వాడి ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు దాటడానికి లేదు. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళట, “ఏందిరా, పెళ్ళాం పేరు చెప్తే బండి రివర్సు గేరులో పోతందంటగా!” అని. వాడు వకీలు దగ్గరికి పోయాడు. ఆమె తనంతట తాను రద్దు చేయమని అడిగితే సులువని, లేకపోతే మనిషి మారాడని చెప్పే సాక్షి కావాలని వకీలు చెప్పాడు.

ఆ సాక్షిని నేనే కావాలన్నారు. వాడికి అక్కను, ఆమెకు వదినను. కొట్టిన వైపు దాన్నీ నేనే, దెబ్బలు తిన్న వైపు దాన్నీ నేనే. నా కంటే నమ్మదగిన మనిషి ఎవరుంటారు?

అమ్మ ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. “అక్కా, నేను మారా. మందు ముట్టుకోని ఆర్నెల్లయింది,” అన్నాడు తమ్ముడు.

“మారితే మంచిదేరా. ఇంకొన్నాళ్ళు చూద్దాం,” అన్నాను.

“మారానని చెప్తన్నా గదా!” అని చేతిలోని టీ గ్లాసు గోడకేసి కొట్టాడు. పెంకులు అమ్మ ఒళ్ళో పడ్డాయి. మారిన మనిషి ఎట్లా ఉంటాడో చూపించాడనుకున్నాను. అమ్మ పెంకులు ఏరుకుంటూ, “నువ్వు చెప్తే ఆ పిల్ల వింటది. ఒక్కసారి అడుగమ్మా. నా కళ్ళ ముందు వాడి కాపురం నిలబడాల,” అంది.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. ఆయనైనా వద్దంటాడేమోనని ఆశ.

“తీసేయించండి. ఎన్నాళ్ళని పిల్ల ఒంటిగా ఉంటది? మొగుడన్నాక కలిసి ఉండాల,” అన్నాడు.

“తీసేసినాక వాడు మళ్ళీ కొడితే?”

ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, “కొడితే మన సంగతి నీకు తెలిసిందే గదా.”

కోపంగా అనలేదు. రేపు కరెంటు ఉండదని చెప్పినట్టు చెప్పాడు. ఆ కాగితం పోతే మళ్ళీ నాలుగింటికి తలుపు చప్పుడు వింటానని నాకు తెలుసు. అది పోగొట్టడానికి నన్నే పంపుతున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ ఎలుక చేతికే బోను తలుపు తీసే పని ఇచ్చారు.

ఆదివారం పొద్దున మరదలి గదికి వెళ్ళాను. ఒకటే గది, శుభ్రంగా ఉంది. మొహానికి చుట్టుకునే తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. టీ ఇచ్చింది.

“వాడు మారానంటున్నాడే,” అన్నాను.

“నువ్వేమంటావు వదినా?”

“అమ్మ అడగమంది. మీ అన్నయ్య కూడా…”

“వాళ్ళ మాట కాదు. నువ్వేమంటావు?”

నేను నేల చూపులు చూశాను. వద్దు, తీయించబాకు, నా ప్రాణం దాని మీదే ఉంది అని చెప్పాలి. ఎందుకని అడుగుతుంది. పానా సంగతి చెప్తే, అసలా రోజు ఎట్లా మొదలైందో చెప్పాలి. ఫోను దగ్గరికి వచ్చేసరికి టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నేను చెప్పకపోయినా నా భుజం ఎట్లా విరిగిందో ఆమెకు తెలియదని కాదు. కానీ తన భుజం నా వల్ల విరిగిందని మాత్రం తెలియదు.

“నేను అడగను. కోర్టు తీసేస్తే తీసేయనీ,” అంది చివరికి. “నీకు భయమేస్తే నువ్వూ పెట్టుకో. ఎన్నాళ్ళని నా కాగితం చాటున ఉంటావు?”

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. నిజం మాటలకే నాకు ఎక్కువ కోపం వస్తుంది. లేచి వచ్చేశాను. మర్నాడు తమ్ముడు వకీలు దగ్గరికి తీసుకుపోయి ప్రమాణపత్రం చేతికిస్తే సంతకం పెట్టాను. ‘నా తమ్ముడు పూర్తిగా మారినాడు. ఇకపై హింస జరిగే అవకాశము లేదు.’ ఇతరుల అర్జీలు రాసిపెట్టే నేను, ఒక్క అక్షరం కూడా నాది కాని కాగితం కింద పేరు రాసి ఇచ్చాను.

వాయిదా రోజు అందరం వేరువేరు బస్సుల్లో గురజాల పోయాం. కోర్టు హాలు చిన్నది. ఒక పక్క బెంచీ మీద తమ్ముడు, వాడి వకీలు, అమ్మ. ఇంకో పక్క మరదలు, కోర్టు ఉచితంగా ఇచ్చిన ఆడ వకీలు. రెండు బెంచీల మధ్య ఒక కానిస్టేబులు. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎటు కూర్చోవాలో ఆయనకు తెలియలేదు.

నన్ను పిలిచారు. మేజిస్ట్రేటు గారు నడివయసు ఆడమనిషి. నా ప్రమాణపత్రం చదివి కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

“ఈ పది నెలల్లో మీ తమ్ముడు ఆమె మీద చెయ్యి చేసుకున్నాడా?”

“లేదండీ.”

“ఎందువల్ల?”

మనిషి మారాడండీ అని చెప్పాలి. బస్సెక్కే ముందు కూడా తమ్ముడు అప్పజెప్పించుకున్నాడు. నోరు తెరిచాను.

“కాగితం ఉంది గనకండీ,” అన్నాను.

తమ్ముడి వకీలు లేచాడు. మేజిస్ట్రేటు గారు చేత్తో కూర్చోమన్నారు. “మీరు వాళ్ళింట్లో ఉండరు కదా. కొట్టలేదని మీకెట్లా తెలుసు?”

“ఆమెకు పడితే నాకు పడుద్దండీ. ఈ పది నెల్లూ నాకు పళ్ళా. అట్టా తెలుసు.”

మేజిస్ట్రేటు గారు నన్ను కూర్చోమన్నారు, నేను కూర్చోలేదు. కూర్చుంటే ఆగిపోతానని భయం వేసింది. కుండమార్పిడి సంగతి చెప్పాను. ఏ చెంపో చెప్పి మరీ కొట్టడం చెప్పాను. గోడ, నాడాలు, కదిలిన పన్ను, పానా, అన్నీ చెప్పాను. మా ఆయన అన్యాయస్థుడు కాదని కూడా చెప్పాను, అది చెప్పేటప్పుడు నాకే నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. జాకెట్టు పక్కకు లాగి ఎముక గడ్డకట్టిన చోటు చూపించాను. “నేను బాత్రూంలో పళ్ళేదండీ. ఈ సంతకం నాదేగాని మాట నాది కాదండీ,” అన్నాను.

అంతటితో ఆపి ఉండొచ్చు. కానీ సగం నిజం చెప్పి దిగిపోవడం నావల్ల కాలేదు.

“ఆ రోజు ఫోను చేసింది నేనేనండీ. నాకు పడిందని మా తమ్ముడికి చెప్పింది నేను. వాడు ఆ పిల్లని కొడతాడని తెలిసే చెప్పాను. ఆమె భుజం విరగ్గొట్టించింది నేను.”

మరదలి వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

మేజిస్ట్రేటు గారు చాలాసేపు రాసుకున్నారు. తమ్ముడి పిటిషన్ కొట్టేస్తున్నానని, ఉత్తర్వు అట్లాగే ఉంటుందని చెప్పారు. నా వైపు తిరిగి, ఆమె కాగితం ఆమెకేనని, నాకు కావాలంటే నేను వేరే దరఖాస్తు పెట్టుకోవాలని, పెట్టుకునే హక్కు ఉందని నెమ్మదిగా వివరించారు. నేను దండం పెట్టి బయటికొచ్చాను.

వరండాలో మరదలు నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్ళాను. ఏమని చెప్పాలో కూడా అనుకోలేదు.

“తెలిసే చేశావా?” అంది.

“తెలిసే చేశానే.”

కొట్టింది. పనిచేసే చెయ్యి, బండలెత్తే చెయ్యి. నేను స్తంభానికి గుద్దుకున్నాను. నోట్లో ఉప్పగా తగిలింది. “నా అనుకున్నా నిన్ను. అన్నం బాత్రూం కాడికి పోయి తిన్నా, నీకోసం,” అంది.

ఇన్నేళ్ళ దెబ్బల్లో నాకు చెందిన దెబ్బ అదొక్కటే. నొప్పి పుట్టింది, కానీ అవమానం అనిపించలేదు.

“చూశావా బావా!” తమ్ముడి కేక. “మీ చెల్లెలు మా అక్కని కొట్టింది. నీ కళ్ళ ముందే కొట్టింది.” పిడికిలి బిగించుకుని ఆమె వైపు ఒక అడుగు వేశాడు. నా కోసం కొట్టడానికే వస్తున్నాడు, అది వాడి న్యాయం. కానిస్టేబులు వరండా బెంచీ మీంచి లేచి, “ఉత్తర్వు ఉందని ఇప్పుడే గదా చెప్పారు లోపల?” అన్నాడు. తమ్ముడు ఆగాడు. పిడికిలి అట్లాగే ఉంది, కాలు మాత్రం వెనక్కి వచ్చింది.

మా ఆయన తలుపు దగ్గరే ఉన్నాడు. ఆయన చెల్లెల్ని ఎవరూ కొట్టలేదు. ఆయనకు నన్ను కొట్టే పని లేదు. ఆయన మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూశాడు, తన కుడిచేతిని చూసుకున్నాడు, ఆ చేత్తో ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. ఆ చెంపదెబ్బ ఇంకెక్కడికీ పోలేదు. నా చెంప మీదే ఆగిపోయింది.

“ఇంటికి పద,” అన్నాడు ఆయన.

“రాను,” అన్నాను. ఆ మాట నేను పెద్దగా అనలేదు, కానీ అమ్మ ఏడుపు ఆపి నా వైపు చూసింది.

మరదలు తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. వెనకే పరుగెత్తాను.

“ఆ రక్షణాధికారి మేడమ్ ఆఫీసు ఎక్కడే?”

ఆమె ఆగలేదు. నాలుగడుగులు వేశాక, నా మొహం చూడకుండానే, “నరసరావుపేట పోవాల. బస్సుంది, దా,” అంది. మా ఆయన వెనక నుంచి ఏదో అంటున్నాడు. నేను ఎడమ భుజాన ఉన్న సంచిని కుడి భుజానికి మార్చుకుని ఆమె వెంట బస్టాండుకు నడిచాను.